ఇంటి నుండి పని: హలాల్ ఉపాధియా? మోసపు వలయా?

మొదటి ఖుత్బా

సర్వ స్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఉపాధి ఇచ్చేవాడూ, దానిని విస్తృతపరచేవాడూ, పరిమితం చేసేవాడూ ఆయనే. ప్రవక్త పదవి లభించక ముందే వర్తకంలో సత్యసంధతకు పేరొంది, మక్కావాసుల చేత ‘అమీన్’ అని పిలువబడిన అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, ప్రియ సహచరులపైన అల్లాహ్ శాంతి, శుభాలు వర్షించుగాక! అమ్మా బాద్!

ప్రియ ధార్మిక సోదరులారా! పరదా వెనుక నుండి వింటున్న తల్లులారా, అక్కచెల్లెళ్ళారా! మాకు మేము, ఆ తరువాత మీకు, అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండమని హితవు చెప్పుకుంటున్నాము.

కొద్ది నెలల క్రితం, అసర్ నమాజు తరువాత, మన మొహల్లాకు చెందిన ఒక సోదరి తన వృద్ధ తల్లిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఆమె భర్త గల్ఫ్ దేశంలో డ్రైవరు. ఆమె ఇంటి వద్ద మగ్గం పని చేసి, చీరలకు, జాకెట్లకు జరీ కుట్టి, కూతురి ఇంటర్మీడియట్ ఫీజు కోసం పైసా పైసా కూడబెట్టింది. ఆమె ఫోనుకు ఒక సందేశం వచ్చింది. ఇంటి నుండే పని అట! హోటళ్ళ పేర్లు పంపుతారు, వాటికి అయిదు నక్షత్రాలు వేయాలి, ఒక్కొక్క దానికి యాభై రూపాయలు. మొదటి రోజు మూడు హోటళ్ళకు నూట యాభై రూపాయలు నిజంగానే ఖాతాలో పడ్డాయి. తరువాత ఆమెను టెలిగ్రామ్ గ్రూపులో చేర్చారు. రెండు వేలు కట్టి ఒక టాస్క్ చేస్తే రెండు వేల ఎనిమిది వందలు వచ్చాయి. పది వేలు కట్టింది. తెరపై పద్నాలుగు వేలు కనిపించాయి గాని చేతికి రాలేదు. ఇంకా మూడు టాస్కులు పూర్తి చేయాలన్నారు. తరువాత పన్ను కట్టాలన్నారు. ఆ తరువాత, నీ పొరపాటు వలన గ్రూపులోని వారందరి డబ్బు ఆగిపోయిందన్నారు. కూతురి ఫీజు పోయింది. చేతి గాజులు తాకట్టుకు వెళ్ళాయి. మొత్తం ఒక లక్షా ఎనభై ఆరు వేల రూపాయలు.

సోదరులారా! అంతకంటే బాధాకరమైన మాటలు ఇంకా రెండు ఉన్నాయి. మొదటిది, ఈ సంగతి ఆమె పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. భర్త ఏమంటాడో, మరిది ఏమంటాడో అన్న భయం ఆమె నోరు కట్టివేసింది. రెండవది, ఆ సందేశం ఆమెకు చేరింది మన మస్జిదు వాట్సాప్ గ్రూపు ద్వారానే. పంపిన యువకుడు కూడా అది మంచి అవకాశమనే నమ్మాడు. జనాజా ప్రకటనలు, నమాజు వేళలు వచ్చే చోట వచ్చింది గనుక ఆ సోదరి కూడా నమ్మింది. ఆ రోజు మేమూ ఆ సందేశాన్ని చూశాము. ఇది ఏమిటి, ఎవరిది అని అడగలేదు. ఆ తప్పు మాది. ఈ మింబరు మీద నిలబడి దానిని ఒప్పుకుంటున్నాము.

ఆ సోదరి మమ్మల్ని మూడు ప్రశ్నలు అడిగింది. ఎర ఏదో, ఉపాధి ఏదో మాలాంటివారు ఎలా గుర్తుపట్టాలి? ఇంటి పెద్దలంటున్నట్లు, ఫోను, కంప్యూటరు ముట్టుకోవడమే నా తప్పా? నా మాట విని ఇద్దరు పొరుగు స్త్రీలు కూడా డబ్బు పోగొట్టుకున్నారు, రేపు అల్లాహ్ ముందు వారికి నేను బాకీదారునా? నేటి ఖుత్బా ఈ మూడు ప్రశ్నలకు సమాధానమే.

మొదటి ప్రశ్న. గుంటూరు మిర్చి యార్డును మీలో చాలామంది చూసి ఉంటారు. అక్కడ మూటలు మోసే హమాలీ తెల్లవారుజామున వస్తాడు, చెమటోడుస్తాడు, సాయంకాలం కూలి తీసుకుంటాడు. మూట ఎత్తే భాగ్యం కోసం ఏ హమాలీ అయినా ముందుగా వ్యాపారికి డబ్బు కడతాడా? కట్టడు. కూలి ఇచ్చేవాడే కూలివాని వద్ద డబ్బు అడుగుతున్నాడంటే అక్కడ పని లేదని అర్థం. దానికి రిజిస్ట్రేషను ఫీజు అని పేరు పెట్టినా, సెక్యూరిటీ డిపాజిట్ అన్నా, శిక్షణ ఖర్చు అన్నా, ప్రీపెయిడ్ టాస్క్ అన్నా, అది ఒక్కటే. ఇది మొదటి గుర్తు.

రెండవ గుర్తు, శ్రమకూ ప్రతిఫలానికీ పొంతన లేకపోవడం. కట్టెలు కొట్టి మోపు వీపున మోసుకొని అమ్ముకోవడం ఇతరుల ముందు చేయి చాచడం కంటే ఉత్తమమని దైవప్రవక్త (స) బోధించారు. దావూద్ (అలైహిస్సలాం) పాలకుడై ఉండి కూడా తన చేతి కష్టంతోనే భుజించేవారని బుఖారీ గ్రంథంలో ఉంది. ప్రతి కూలి వెనుక ఎవరికో ఒకరికి ప్రయోజనం ఉంటుంది. కట్టె ఒకరి పొయ్యిలో మండుతుంది, కుట్టిన చీరను ఒకరు కడతారు. చూడని హోటలుకు నక్షత్రాలు వేస్తే ఎవరికి మేలు? అది అబద్ధపు సాక్ష్యం కాదా? మేలు లేని చోట కూలి ఎక్కడి నుండి వస్తుంది? మొదటి రోజు పడిన ఆ నూట యాభై రూపాయలు నిన్న మోసపోయిన మరొకరి డబ్బు. చేపకు వేసిన ఎర జాలరి దయ కాదు కదా!

మూడవ గుర్తు, మనిషి ఎవరో తెలియకపోవడం. ఒక దుర్మార్గుడు వార్త తెస్తే దానిని విచారించి నిర్ధారించుకోమని, లేకుంటే తెలియక ఇతరులకు హాని చేసి ఆపై పశ్చాత్తాపపడవలసి వస్తుందని అల్ హుజురాత్ సూరా ఆరవ ఆయతు మనలను హెచ్చరిస్తోంది. ఈ మోసగాళ్ళు పెద్ద పెద్ద కంపెనీల పేర్లు, ముద్రలు వాడుకుంటారు. కంపెనీ నిజమైనదే కావచ్చు, మాట్లాడుతున్నవాడు ఆ కంపెనీవాడు కాడు. కనుక వారు పంపిన నంబరుకు ఫోను చేసి నిర్ధారించుకోవద్దు. ఆ కంపెనీ సొంత వెబ్‌సైటులో ఉన్న నంబరుకు చేసి అడగండి. టెలిగ్రామ్‌లో తప్ప మరెక్కడా కనిపించని యజమాని, ముఖాముఖి ఇంటర్వ్యూ లేని ఉద్యోగం, చిరునామా లేని కార్యాలయం, వీటిని నమ్మి ఒక్క రూపాయి కూడా కదల్చవద్దు.

నాలుగవ గుర్తు, తొందర, గోప్యత. ఇప్పుడే కట్టాలి, పది నిమిషాలలో అవకాశం పోతుంది, ఇంట్లో ఎవరికీ చెప్పవద్దు అన్న మాటలు వినబడితే ఫోను పక్కన పెట్టి వుజూ చేసుకోండి. నలుగురిని సంప్రదించి చేసే పనిలో శుభం ఉంది. నలుగురికి తెలియకూడదనే పనిలో మోసం ఉంది.

ఈ మోసానికి మరికొన్ని రూపాలున్నాయి. డేటా ఎంట్రీ పేరుతో ఒక ఒప్పందం మీద సంతకం చేయిస్తారు. వారం రోజులు పేజీలకు పేజీలు టైపు చేయిస్తారు. చివరకు తప్పులు ఎక్కువగా ఉన్నాయి, ఒప్పందం ఉల్లంఘించావు, నష్టపరిహారం కట్టు, లేకుంటే కోర్టు కేసు అని వకీలు పేరుతో నోటీసు పంపుతారు. ఇవి బెదిరింపులు. భయపడి డబ్బు కట్టవద్దు, నోటీసును పోలీసులకు చూపండి. పోలీసు దుస్తులు ధరించినవాడు వీడియో కాల్‌లో కనిపించి డిజిటల్ అరెస్టు చేశామంటే, అటువంటి అరెస్టు మన దేశ చట్టంలో లేదని తెలుసుకోండి. యూపీఐ పిన్ డబ్బు పంపేటప్పుడే కొట్టాలి. డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు. ఈ ఒక్క మాట మీ ఇంట్లోని పెద్దవారికి ఈ రాత్రే చెప్పండి.

విదేశాలకు పిల్లలను పంపే తల్లిదండ్రులకు ప్రత్యేకంగా మనవి చేస్తున్నాము. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి తెలుగు యువకులను తీసుకువెళ్ళి, అక్కడ నిర్బంధించి, వారి చేతనే సైబర్ మోసాలు చేయించిన ఉదంతం 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసుల దర్యాప్తులో వెలుగుచూసింది. మోసపోయినవారినే మోసగాళ్ళుగా మార్చిన ఘోరమది. ఏజెంటు భారత ప్రభుత్వం వద్ద నమోదైనవాడా కాదా అన్నది ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. పర్యాటక వీసా మీద ఉద్యోగానికి పంపుతానన్నవాని చేతికి మీ బిడ్డను అప్పగించవద్దు.

ఇందులో ధర్మశాస్త్రపు మాట ఒకటి ఉంది. ఏమి దక్కుతుందో, అసలు దక్కుతుందో లేదో తెలియని లావాదేవీని ‘గరర్’ అంటారు. దైవప్రవక్త (స) దానిని వారించారని సహీహ్ ముస్లింలో ఉంది. డబ్బు కట్టి, ఎక్కువ తిరిగి వస్తుందని ఎదురుచూసే ప్రీపెయిడ్ టాస్క్ పని కాదు. అది జూదం వంటిదే. జూదాన్ని అల్లాహ్ అల్ మాయిదా సూరా 90వ ఆయతులో షైతాను పనులతో జతచేసి నిషేధించాడు. ఆ సోదరికి పద్నాలుగు వేలు నిజంగానే చేతికి వచ్చి ఉన్నా, ఆ సొమ్ము హలాల్ అయ్యేది కాదు.

ఉపాధి అల్లాహ్ చేతిలో ఉన్నప్పుడు ఇన్ని విచారణలు దేనికని కొందరు అంటారు. ఒంటెను కట్టివేసి ఆపై అల్లాహ్‌ను నమ్ముకోమని దైవప్రవక్త (స) ఒక వ్యక్తికి చెప్పిన మాట తిర్మిజీలో ఉంది. విచారించడమే ఒంటెను కట్టడం.

ఇక ఒక చేదు మాట. మోసపోయేవారే కాదు, మోసానికి చేయి అందించేవారు కూడా మన పేటలలో ఉన్నారు. బ్యాంకు ఖాతా కొద్ది రోజులు ఇస్తే అయిదు వేలు, సిమ్ కార్డు ఇస్తే రెండు వేలు అని యువకులకు ఆశ చూపుతున్నారు. మాకేమి తెలుసు, మేము ఖాతా మాత్రమే ఇచ్చాము అని వారంటారు. యువకులారా! ఆ ఖాతాలో పడేది మగ్గం మీద వంగి వంగి నడుము నొప్పి తెచ్చుకున్న ఒక తల్లి కష్టార్జితం. పాపకార్యంలో పరస్పరం సహకరించుకోవద్దని అల్ మాయిదా సూరా రెండవ ఆయతు ఆజ్ఞాపిస్తోంది. పోలీసులు మొట్టమొదట వచ్చేది కూడా ఖాతాదారుని ఇంటికే. దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. జనులకు కనిపించేలా తడి గింజలను పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసగించేవానికి తమతో సంబంధం లేదని ప్రకటించారు. గుప్పెడు తడి గింజలకే ఇంత హెచ్చరిక అయితే, ఒక ఇంటి ఫీజును, గాజులను దోచుకున్నవాని గతి ఏమిటి? అతనికి తన ఖాతాను అద్దెకిచ్చినవాని గతి ఏమిటి?

మా కొరకు, మీ కొరకు అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాము. మీరూ వేడుకోండి. ఆయన అమితంగా క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌ను స్తుతిస్తూ, ఆయన ప్రవక్త (స) పై దరూద్ పంపుతూ, రెండవ ప్రశ్నకు వస్తున్నాము. ఫోను, కంప్యూటరు ముట్టుకోవడమే తప్పా?

ఆ సోదరి సంగతి తెలిసిన కొందరు పెద్దలు, అందుకే ఆడవారి చేతికి ఈ యంత్రాలు ఇవ్వవద్దన్నాము అన్నారు. ఒకప్పుడు మేమూ ఇదే మాట అన్నవారమే. మదరసాలో చదువుకున్న మాకు కలము, కాగితము తెలుసు. కంప్యూటరు మాత్రం వ్యర్థ కాలక్షేపపు పెట్టె అనుకున్నాము. కాని అల్లాహ్ మనకు తూచడం నేర్పాడు. మద్యం, జూదం గురించి జనులు అడిగినప్పుడు, వాటిలో కొన్ని లాభాలు ఉన్నా వాటి పాపం లాభం కంటే పెద్దదని అల్ బఖరా సూరా 219వ ఆయతు తెలుపుతోంది. గమనించండి, నిషేధించబోయే వస్తువులో సైతం లాభం ఉందన్న సత్యాన్ని అల్లాహ్ దాచలేదు. లాభనష్టాలను రెండు తట్టలలో పెట్టి తూచే ఆ పద్ధతితోనే కంప్యూటరును తూచుదాం.

లాభాల తట్టలో ఏమున్నాయి? నేడు విద్యార్థి ఉపకార వేతనానికి, పాస్‌పోర్టుకు, హజ్ యాత్రకు దరఖాస్తు చేసేది కంప్యూటరు ద్వారానే. ఆదాయ, కుల ధృవీకరణ పత్రాల కోసం మనం మీసేవా కేంద్రానికి వెళ్తే అక్కడ పని జరిగేదీ దానితోనే. ఒకప్పుడు ఒక్క హదీసు వెతకడానికి మేము గ్రంథాలయంలో పూటలు గడిపేవారము. ఇప్పుడు అది నిమిషాలలో దొరుకుతుంది, దానిని మూల గ్రంథంతో సరిచూసుకుంటే చాలు. ఇల్లు కదలలేని స్త్రీ అకౌంట్లు వ్రాయవచ్చు, తెలుగు, ఉర్దూ టైపింగ్ చేయవచ్చు, పిల్లలకు పాఠాలు చెప్పవచ్చు, తాను కుట్టిన జాకెట్టు ఫొటో పెట్టి దూరపు ఊరివారికి అమ్మవచ్చు. ఇవి నిజమైన ఇంటి పనులు. వీటికి ముందు నైపుణ్యం కావాలి, నెలల తరబడి నేర్చుకోవాలి, ఆదాయం మెల్లగా పెరుగుతుంది. పని ఇచ్చేవాడు పనితనం చూపమని అడుగుతాడు, డబ్బు అడగడు. ఎరకూ ఉపాధికీ ఉన్న తేడా ఇక్కడ కూడా అదే.

ఈ విద్య మనకు పరాయిది కాదని కూడా పిల్లలకు చెప్పండి. కంప్యూటరు నడిచే క్రమానికి ‘అల్గోరిథం’ అని పేరు. ఆ మాట తొమ్మిదవ శతాబ్దంలో బగ్దాదులో జీవించిన పండితుడు అల్ ఖ్వారిజ్మీ పేరు నుండి పుట్టింది. ఆయన వ్రాసిన బీజగణిత గ్రంథంలో ఒక పెద్ద భాగం వారసత్వపు వాటాల లెక్కలకే కేటాయించబడింది. అంటే ధర్మం విధించిన హక్కులను సరిగా పంచడానికి ఆయన తన గణితాన్ని వినియోగించాడు. మన హైదరాబాదులో 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ అచ్చుయంత్రాన్ని పరాయిదని తోసివేయలేదు. అరుదైన అరబీ వ్రాతప్రతులను వెలికి తీసి, పరిష్కరించి, ముద్రించి లోకానికి అందించింది. పరికరం కొత్తదైనప్పుడు మన పెద్దలు దానిని సత్కార్యానికి లొంగదీసుకున్నారు.

నష్టాల తట్ట కూడా తేలికది కాదు. ఫజర్ వరకు మేలుకొని ఫజర్ నమాజు వేళకు నిద్రపోయే పిల్లలు, చూపును కలుషితం చేసే దృశ్యాలు, ఆటల ముసుగులో జూదం, వడ్డీకి అప్పులిచ్చే యాప్‌లు, నిర్ధారించుకోకుండా పంచే పుకార్లు, వీటిని మనమెవరమూ కాదనలేము. అయితే మద్యపు నష్టం మద్యంలోనే ఉంది. కంప్యూటరు నష్టం దానిని వాడే తీరులో ఉంది. నిషేధానికి ఆధారం లేనంతవరకు వస్తువులు ధర్మసమ్మతమే అన్నది ఫిఖా పండితుల సూత్రం. కనుక ఇంట్లో కంప్యూటరును నలుగురూ కూర్చునే చోట ఉంచండి. వారానికి ఒకసారి, జుమా నాడు, ఈ వారం ఇది మన ఇంటికి ఏమి తెచ్చింది, మన ఇంటి నుండి ఏమి తీసుకుపోయింది అని లెక్క చూసుకోండి. ఆడబిడ్డల చేతి నుండి దానిని లాక్కోవడం పరిష్కారం కాదు. ఆ సోదరికి ఫోను ఉండడం వలన నష్టం రాలేదు. ఫోనులో వచ్చినదాన్ని అడిగి తెలుసుకునే మనిషి ఆమెకు లేకపోవడం వలన వచ్చింది.

మూడవ ప్రశ్న అత్యంత సున్నితమైనది. తాను చేర్పించిన ఇద్దరు స్త్రీలకు ఆమె బాకీయా? ఆమెకు వారిని చేర్పించినందుకు ఆరు వందల రూపాయలు కమీషను ముట్టింది. అనుభవజ్ఞులైన ముఫ్తీలను సంప్రదించి ఆమెకు ఇలా చెప్పాము. ఆ ఆరు వందలు ఆమెవి కావు, వాటిని ఆ ఇద్దరికీ తిరిగి ఇవ్వాలి. ఇక వారు పోగొట్టుకున్న మొత్తం విషయంలో, నేరుగా అపహరించినవానిపైనే బాధ్యత ఉంటుంది. తెలియక కారణమైనదానిపై ఉండదు, ఎందుకంటే ఆమె తానూ మోసపోయింది, వారిని మోసగించాలని తలచలేదు. అయినా వారి ముంగిటికి వెళ్ళి మాఫీ కోరడం, ఫిర్యాదు వ్రాయడంలో వారికి తోడు నిలవడం ఆమె మంచితనానికి తగిన పని. ఆమె రెండూ చేసింది. ఎవరైనా ఇటువంటి పథకంలో కట్టినదానికంటే ఎక్కువ పొంది ఉంటే, ఆ అదనపు సొమ్ము వారిది కాదు. యజమానులు తెలిస్తే తిరిగి ఇవ్వాలి, తెలియకుంటే పుణ్యఫలం ఆశించకుండా పేదలకు ఇచ్చివేయాలి.

ఇది తన పాపానికి శిక్షా అని కూడా ఆమె కన్నీటితో అడిగింది. అమ్మా, విశ్వాసికి ముల్లు గుచ్చుకున్నా అల్లాహ్ దానిని అతని పాపాల ప్రక్షాళనకు కారణం చేస్తాడని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు, సహనం వహించు అని చెప్పాము. సోదరులారా! మోసపోయినవారిని ఎగతాళి చేయకండి. ఆ పదకొండు రోజుల మౌనానికి కారణం మన నాలుకలే. డబ్బు పోయిన తొలి గంటలు ఎంతో విలువైనవి. దొంగ సొమ్ము ఒక ఖాతా నుండి మరో ఖాతాకు పరుగెడుతుంది. అది బయటకు వెళ్ళిపోకముందే ఫిర్యాదు అందితే బ్యాంకులు ఆపగలుగుతాయి. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. బ్యాంకుకు తెలపాలి. సందేశాలు చెరిపివేయకుండా వాటి స్క్రీన్‌షాట్లు, లావాదేవీ నంబర్లు భద్రపరచాలి. ఆ సోదరి మా సలహాపై ఫిర్యాదు చేసింది గాని, అప్పటికి ఆలస్యమైంది. ఇంతవరకు ఒక్క రూపాయి తిరిగి రాలేదు. మరో వారానికి, నీ డబ్బు రాబట్టి ఇస్తాము, ముందు అయిదు వేలు కట్టు అని కొత్త గొంతు ఒకటి ఫోను చేసింది! విశ్వాసి ఒకే పుట్ట నుండి రెండుసార్లు కాటు వేయించుకోడన్న ప్రవక్త (స) వచనం ఆమెకు గుర్తుంది. ఫోను పెట్టివేసింది. అల్‌హమ్దులిల్లాహ్.

సంపన్నులైన సోదరులారా! అత్తౌబా సూరా 60వ ఆయతులో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో అప్పుల భారంతో క్రుంగినవారు ఒకరు. ఇటువంటి మోసంలో అప్పులపాలై, నిసాబ్ మిగలని కుటుంబాలు ఆ వర్గంలోకి వస్తాయి. వారు మీ గుమ్మం ముందుకు వచ్చి అడిగే వరకు ఎదురుచూడకండి. మీరే తెలుసుకొని, వారి పరువుకు భంగం కలగకుండా అందించండి. ఒక బాలిక కళాశాల ఫీజు కట్టవలసిన గడువు సమీపిస్తోంది. ఇంతకు మించి చెప్పము.

మన మస్జిదు కమిటీతో చర్చించి రెండు నిర్ణయాలు తీసుకున్నాము. ఇకపై విచారించకుండా ఏ ఉద్యోగ ప్రకటనా మస్జిదు గ్రూపులో పెట్టబడదు. ప్రతి ఆదివారం అసర్ తరువాత, కంప్యూటరు తెలిసిన ఇద్దరు యువకులు మస్జిదు వరండాలో కూర్చుంటారు. స్త్రీల కొరకు ఒక ఉపాధ్యాయిని సోదరి మక్తబు గదిలో ఉంటుంది. ఫోనులో ఏ సందేశం వచ్చినా, డబ్బు కదిలించక ముందు వారికి చూపండి. చదువు రాలేదని సిగ్గుపడవద్దు. అడగడానికి సిగ్గుపడినవాడే నష్టపోతాడు.

ఓ అల్లాహ్! మాకు నీ హలాల్‌ను చాలినంతగా ప్రసాదించి, హరాం అవసరం లేకుండా చేయి. మా చేతులకు పనితనాన్ని, మా సంపాదనకు బర్కత్‌ను అనుగ్రహించు. మా పిల్లలను మోసపోవడం నుండి, అంతకంటే ఎక్కువగా మోసగించడం నుండి కాపాడు. కష్టార్జితం పోగొట్టుకున్న మా అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు అంతకంటే మేలైనది ప్రసాదించు. దారి తప్పినవారికి పశ్చాత్తాప భాగ్యాన్ని కలిగించు. దేశం విడిచి వెళ్ళిన మా బిడ్డలను క్షేమంగా ఇంటికి చేర్చు. మా ఊరికి, మా రాష్ట్రానికి, మా దేశానికి శాంతిని ప్రసాదించు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!

వరుసలు సరిచేసుకోండి. నమాజుకు నిలబడండి.